నా కూతురి స్టీలు పన్ను

మా ఆడబిడ్డ కావలిలో ఇల్లు కట్టుకుని పాలు పొంగించిన రోజు పిల్లలందరికీ లడ్లు పంచింది. నా కూతురి దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కకు జరిపింది. "దీనికొద్దులే, ఉండే పళ్ళు గూడా రాలిపోతాయి," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. చాచిన చేయి చాచినట్టే ఉంచి, నవ్వుతున్న ముఖాలను ఒక్కొక్కటే చూసి, తనూ నవ్వింది. అలా నవ్వడంతో మచ్చలు పడిన దాని పళ్ళు అందరికీ కనిపించాయి. నేను పిల్లను చంకన వేసుకుని, భోజనానికి కూడా ఆగకుండా, మా ఊరు జువ్వలదిన్నెకు బస్సెక్కేశాను. ఆ రోజు నుంచి ఆమెతో మాటలు మానేశాను.

నన్నన్న మాటను నేను మరిచిపోను. ఏడో తరగతిలో నా దగ్గర చేపల వాసన వస్తోందని నన్ను వెనక బెంచీకి పంపిన టీచరు ఆ పూట ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పటికీ చెప్పగలను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. నేను జ్ఞాపకశక్తి అంటాను. టెన్త్ ఫస్ట్ క్లాసులో పాసైంది కూడా ఆ జ్ఞాపకశక్తితోనే.

మా ఆయన బోటు మీద వేటకు పోతాడు. నేను రేవులో చేపలు కొని, కావలి మార్కెట్లో అమ్ముతాను. మా అత్త లేదు, మా అమ్మది వేరే ఊరు. పిల్ల నడక నేర్చిన దగ్గర నుంచి బడిలో చేరేదాకా నాతోపాటే రేవులో పెరిగింది.

ఒకటో తరగతిలో చేరాక పంటినొప్పి అనడం మొదలుపెట్టింది. కింద ఎడమవైపు దవడపన్ను నల్లబడి, మధ్యలో గుంట పడింది. లవంగం నూరి పెట్టాను. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. తగ్గకపోతే ఊళ్ళో ఆరెంపీ డాక్టరుకు చూపించాను. ఆయన టార్చిలైటు వేసి చూసి, పాలపన్నే కదా, దానంతటదే ఊడిపోయి కొత్తది వస్తుంది, దీనికి వైద్యమెందుకు అన్నాడు. బిళ్ళలిచ్చాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పన్ను పోతే పోతుంది, కొత్తది వస్తుంది, కాబట్టి మా ఆడబిడ్డ అన్న మాటకు అర్థం లేదు. నేను సంతోషంగా ఇంటికొచ్చి, పిల్లను కుడివైపు నమలమని చెప్పి, ఆ సంగతి అంతటితో వదిలేశాను.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు బడి నుంచి కబురొచ్చింది. నేను మార్కెట్లో ఉన్నాను. పిల్ల బుగ్గ వాచిపోయింది, జ్వరం కూడా ఉంది, వచ్చి తీసుకుపొమ్మన్నారు. మిగిలిన కానాగంత చేపలు పక్కామెకు అప్పజెప్పి వెళ్ళాను. నోరు తెరిపిస్తే చిగురు మీద చీము పొక్కు కనిపించింది. మళ్ళీ ఆరెంపీ దగ్గరికి పోవడానికి మనసొప్పలేదు. కావలిలో పిల్లల పళ్ళకే ప్రత్యేకంగా ఒక డాక్టరమ్మ ఉందని మార్కెట్లో విని ఉన్నాను. కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, పిల్లను తీసుకుని పోయాను.

మందుల షాపు మీద మొదటి అంతస్తులో ఉంది ఆ క్లినిక్కు. లోపలికి అడుగు పెట్టగానే బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి లేచిపోయి కిటికీ తెరిచింది. ఫ్యాను పెంచింది. తర్వాత వచ్చి కూర్చుని, కాగితం నా వైపు తోసి, "సంతకం వచ్చా, వేలిముద్రా?" అని అడిగింది. ఇంగ్లీషులో సంతకం పెట్టాను, అవసరమైనదానికంటే పెద్దగా. ఆ పిల్ల దాని వైపు చూడనైనా లేదు.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. ఆమె నాతో కాకుండా ముందు నా కూతురితో మాట్లాడింది. పేరడిగింది, బళ్ళో ఎవరి పక్కన కూర్చుంటావని అడిగింది, చిన్న అద్దం చేతికిచ్చి ఆడుకోమంది. తర్వాత అదే అద్దంతో పళ్ళన్నీ చూసింది. నన్నడిగింది, చిన్నప్పుడు నోట్లో పాలసీసా పెట్టి పడుకోబెట్టేవారా అని. లేదన్నాను. నిజంగానే లేదు. మా ఇంట్లో సీసానే లేదు. ఆ జవాబు కాస్త గర్వంగానే చెప్పాను.

"మరి కుడివైపు పళ్ళు పరవాలేదు. ఎడమవైపు పైనా కిందా ఇంతగా పుచ్చినాయి. ఒక్కవైపే ఎందుకో తెలియడం లేదు," అంది ఆమె.

నాకు తెలుసు. కానీ చెప్పలేదు. నా కూతురు కుర్చీలో పడుకుని, పైనున్న లైటును చూస్తూ, తనకు తెలిసిన జవాబు టీచరుకు చెప్పినట్టు చెప్పింది.

"కలకండ ఆ పక్కనే కదమ్మా పెట్టేది."

రేవులో పాట అంటే వేలం. తెల్లారేసరికి బోట్లు వస్తాయి, చేపలు కుప్పలు పోస్తారు, పాటగాడు కుప్ప పక్కన నిలబడి ధర మొదలుపెడతాడు. కొనేవాళ్ళం చుట్టూ నిలబడతాం. ఎవరూ నోరు విప్పరు. గడ్డం కాస్త ఎత్తితే ఒక ధర, కళ్ళు దించితే వద్దని. ఆ క్షణంలో బిడ్డ ఏడ్చిందని తల తిప్పితే కుప్ప పక్కామెది అవుతుంది, ఆ రోజుకు వ్యాపారం లేదు. అందుకని బిడ్డను వలల కుప్ప మీద పడుకోబెట్టి, బుగ్గలో కలకండ పలుకొకటి పెడతాం. అది కరిగేదాకా బిడ్డ గొంతెత్తదు. కరిగితే ఇంకొకటి. ఎక్కువసార్లు అది నోట్లో ఉండగానే నిద్రపోతారు. వలల మీద నా కూతురు ఎప్పుడూ ఎడమవైపుకే తిరిగి పడుకునేది, గాలి అటునుంచి వీచదని. రేవులో బిడ్డల తల్లులందరూ చేసే పనే ఇది. నాకు నేర్పింది కూడా వాళ్ళే. నేర్పినవాళ్ళు ఎవరూ అప్పుడు నా పక్కన లేరు.

డాక్టరమ్మ ఏమీ అనలేదు. తల ఊపి మళ్ళీ నోట్లోకి చూసింది. ఆమె ఒక్క మాట అని ఉంటే నాకు సులువుగా ఉండేది. మాటకు మాట చెప్పడం నాకు వచ్చు. ఏమీ అనకపోయేసరికి ఏం చేయాలో తెలియక, కడుక్కొచ్చిన చేతులను కొంగులో దాచుకుని నిలబడ్డాను.

ఎక్స్‌రే తీసి గోడ మీది తెర మీద చూపించింది. పుచ్చిన పాలపన్ను వేళ్ళ నడుమ, ఎముకలో, ఇంకో పన్ను కనబడింది. మొగ్గలాగా ఉంది. అది బయటికి రావాలంటే ఇంకా నాలుగైదేళ్ళు పడుతుందట. అప్పటిదాకా దాని చోటును ఈ పాలపన్నే కాపాడాలట. ఇప్పుడే పీకేస్తే వెనక కొత్తగా వస్తున్న పెద్ద దవడపన్ను ముందుకు ఒరిగి ఆ చోటు మూసేస్తుంది, అప్పుడు మొగ్గ ఎటూ దారి లేక పక్క నుంచి వస్తుంది లేదా లోపలే ఉండిపోతుంది అని చెప్పింది. వాపు తగ్గడానికి ముందు మందు వాడాలి, తర్వాత పన్ను లోపలి కుళ్ళు తీసి శుభ్రం చేసి మందు నింపాలి, ఆ తర్వాత పైన తొడుగు వేయాలి. అన్నిసార్లూ తప్పకుండా రావాలి, మధ్యలో మానేస్తే పన్ను దక్కదు అంది. ఈ చివరి మాట నేను స్పష్టంగా విన్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు వాపు లేదు. చిగురుకు సూది వేస్తుంటే నా కూతురు ఏడవలేదు. నా చూపుడువేలు పట్టుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు కాలివేళ్ళు ఆడిస్తూ పడుకుంది. పని అయ్యాక పన్నులో తాత్కాలికంగా తెల్లటి మందు పెట్టి, ఇది కొద్దిరోజులే ఆగుతుంది, ఆలస్యం చేయొద్దు అంది. చిన్న స్టీలు తొడుగొకటి అరచేతిలో పెట్టి చూపించి, వచ్చేసారి ఇది వేస్తానని ఏదో వివరంగా చెప్పింది. నా చెవికెక్కలేదు. నేను తలుపు సందులోంచి హాల్లో కూర్చున్న పిల్లాణ్ణి చూస్తున్నాను. నా కూతురి వయసే. వాళ్ళమ్మ చేతిలో కారు తాళాలున్నాయి. వాడు ఇకిలిస్తుంటే ముందు పన్నుకు వేసిన తెల్ల తొడుగు అసలు పన్నులాగే ఉంది.

బయటికొచ్చి బల్ల దగ్గరి అమ్మాయిని అడిగాను, అట్లాంటిది మా పాపకు వేయరా అని. ఆమె ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "తెల్లవి ఖర్చెక్కువమ్మా. మీకు స్టీలే," అంది.

ఖర్చు ఎంతని నేను అడగలేదు. నా దగ్గర ఉందో లేదో ఆమె అడగలేదు. కిటికీ తెరిచినట్టే, వేలిముద్రా అన్నట్టే, నన్ను చూసి తేల్చేసింది. ఆ ముక్క ఇవాళ కూడా అంటాను, ఆ పిల్ల తప్పు తప్పే. కానీ ఆ పూట నేను అన్నది అంతటితో ఆగలేదు.

"కార్లో వచ్చినోళ్ళకు తెల్లది, చేపలమ్మేవాళ్ళకు స్టీలా? మా డబ్బులేమన్నా నీచు కొడతండాయా?" అన్నాను. గొంతు మార్కెట్ గొంతు. హాల్లో అందరూ తిరిగి చూశారు. కారు తాళాలామె కొడుకును దగ్గరికి లాక్కుంది. డాక్టరమ్మ చేతులకు గ్లౌజులతోనే బయటికి వచ్చి, అది ముందు పన్ను, ఇది నమిలే పన్ను, నమిలే ఒత్తిడికి స్టీలే గట్టిగా నిలుస్తుంది, పన్ను కూడా తక్కువ అరగదీయాలి, ఇందాకే చెప్పాను కదమ్మా అంది. మీరు నాకేమీ చెప్పలేదన్నాను. ఆమె చెప్పింది. చెప్పిందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఊరి పిల్లల పళ్ళంటే మీకు లెక్క లేదన్నాను. కలకండ మాటకు ఆమె నన్ను ఏమీ అనకపోవడం కూడా నాకు అప్పుడు అవమానంగానే తోచింది. నాలాంటిదానికి చెప్పి లాభం లేదనుకుని ఊరుకుందని అనిపించింది. అదంతా కలిపి అరిచాను.

నా కూతురు కుర్చీ దిగి వచ్చింది. మెడలో కట్టిన గుడ్డ అలాగే ఉంది. సగం పెదవి మొద్దుబారి ఉండటంతో మాట ముద్దగా వచ్చింది. "అమ్మా, పోదాం," అని కొంగు లాగింది. నా పక్షాన నిలబడిందనే అనుకున్నాను. ఇక ఈ గడప తొక్కను అని చెప్పి మెట్లు దిగాను. బస్సులో ఖాళీ సీట్లు చాలా ఉన్నాయి. అది నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని, మెడలో గుడ్డను తనే విప్పుకుని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

తర్వాత క్లినిక్కు నుంచి ఫోన్లు వచ్చాయి. ఎత్తలేదు. నెల్లూరులో ఇంకో డాక్టరు నంబరు సంపాదించి ఫోన్ చేసి, నా కూతురి దవడపన్నుకు తెల్ల తొడుగు కావాలన్నాను. ఎవరో ఓపికగానే చెప్పారు. తెల్లవీ ఉన్నాయి గానీ, ఈ వయసులో దవడపన్నుకు తాము ఎక్కువగా వేసేది స్టీలేనట. అది ఊడే వయసు వచ్చినప్పుడు పన్నుతోపాటే ఊడిపోతుందట. అంతా కావలి డాక్టరమ్మ చెప్పిందే. ఈ ఫోను సంగతి ఎవరికీ చెప్పలేదు. అయినా కావలికి పోలేదు. పోవాలంటే ఆ బల్ల ముందు మళ్ళీ నిలబడాలి.

మా ఆయన వేట నుంచి వచ్చి విన్నాడు. "తెల్లపన్ను పెట్టించి ఏం చేస్తావు, నోరు తెరిచి ఊరంతా తిప్పుతావా? స్టీలయితే ఇంకా మంచిది. ఉప్పుగాలికి తుప్పు పట్టదు," అన్నాడు. నవ్వలేదు నేను. ఆయన కూతుర్ని పిలిచి, అమ్మతో పోయి పన్ను బాగుచేయించుకుని రమ్మన్నాడు.

"అమ్మతో పోను," అంది అది. "అమ్మ కొట్లాడతాది. అత్త వస్తే పోతా."

అత్త అంటే మా ఆడబిడ్డ. నాకు ఆమెతో మాటల్లేవు గానీ, మా ఆయన కావలి పోయినప్పుడల్లా పిల్లను అక్కడికి తీసుకుపోతూనే ఉన్నాడు. నేను ఆయన ముఖం చూశాను, ఏదైనా అంటాడేమోనని. ఆయన వల బాగుచేసుకోవడానికి పోయాడు. రెండు రోజులకు మళ్ళీ వేటకు వెళ్ళిపోయాడు.

ఆయన పోయిన తర్వాత ఒక సాయంత్రం పిల్ల చెంప పట్టుకుని కూర్చుని ఉంది. నోరు తెరువు అంటే తెరవలేదు. గట్టిగా అడిగితే తెరిచింది. పన్నులో పెట్టిన తెల్లమందు సగం ఊడిపోయి గుంట కనబడుతోంది. ఎప్పుడు ఊడిందంటే మొన్న అంది. మరి నాకెందుకు చెప్పలేదంటే, తల దించుకుని గోరు గిల్లుకుంటూ చెప్పింది.

"చెప్తే నువ్వు పొయ్యి ఆ బల్ల కాడి అక్కను మళ్ళీ తిడతావు."

నాకు జరిగిన అవమానాలన్నీ నాకు గుర్తుంటాయని చెప్పాను. ఇది అవమానం కాదు. ఏడేళ్ళు నిండని పిల్ల, పన్ను నొప్పిని అమ్మ నోటికంటే తేలికనుకుని రెండు రోజులు ఓర్చుకుంది. ఎవరి మీద వేయడానికీ లేదు దీన్ని. ఫోను తీసుకుని పెరట్లోకి పోయాను.

మా ఆడబిడ్డ ఎత్తింది. నా నంబరు ఆమె ఫోన్లో ఉంటుందని నాకు తెలుసు. అయినా ఎవరూ అని అడిగింది. "నేనే వదినా," అన్నాను.

"ఏ నేను?"

పేరు చెప్పాను. ఫలానా ఆయన పెళ్ళాన్ని అని కూడా చెప్పాను, కొత్తవాళ్ళకు చెప్పినట్టు.

"ఓహో. నోరు పడిపోయిందేమో అనుకుంటా ఉండా ఇన్నాళ్ళూ. వచ్చిందా?"

పన్ను సంగతి చెప్పాను. క్లినిక్కులో గొడవ సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. అవతల నవ్వు వినబడుతుందని ఎదురుచూశాను. నవ్వలేదు. రేపు పొద్దున్నే తీసుకురా, పిల్లకు కడుపునిండా పెట్టి తీసుకురా, సూది వేశాక చాలాసేపటిదాకా తిననీయరు అంది. ఆ జాగ్రత్త నాకు తెలియాలి. ఆమెకు తెలిసింది.

మర్నాడు మందుల షాపు ముందు ఆమె మాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నా కూతురు నా చేయి వదిలి ఆమె చేయి పట్టుకుంది. మెట్టు ఎక్కబోతుంటే వెనక్కి తిరిగి, "నువ్వు ఈడే ఉండు," అంది నాతో. కోపంగా అనలేదు. సంచి ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు తప్పుకుని పోతున్నారు.

కాసేపటికి మా ఆడబిడ్డ దిగివచ్చి నా పక్కనే కూర్చుంది. మందు ఊడిపోయి లోపలికి మళ్ళీ మురికి చేరిందట. శుభ్రం చేసిన పనంతా మళ్ళీ చేయాలట. మళ్ళీ సూది వేశారట. మొద్దుబారడానికి కాస్త ఆగుతున్నారంది. నేను ఆలస్యం చేయకపోయి ఉంటే ఈ సూది అవసరమయ్యేది కాదని ఆమె అనలేదు. అనాల్సిన పని లేదు.

"ఏడ్చిందా?" అన్నాను.

"నీ కూతురు ఏడ్చే రకమా?"

నేనే ఎత్తాను లడ్డు మాట. ఎత్తకుండా ఉండలేకపోయాను. అందరి ముందూ నా బిడ్డకు పళ్ళెం దాటించావు కదా వదినా అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "నా కొడుకును నువ్వన్నది మరిచిపోయినావా?" అంది.

నాకేమీ గుర్తు రాలేదు.

"నీ కూతురి మొదటి పుట్టినరోజుకు. చేపలపులుసు వడ్డించేటప్పుడన్నావు. వీడేందబ్బా, కోరపన్నేసుకుని అడివిపంది మాదిరి ఉండాడు అని. వాడు విన్నాడు. అప్పుడు వాడికి పదకొండేళ్ళు. దవడపన్ను పుచ్చిందని చిన్నప్పుడే పీకించేస్తిమి, పాలపన్నే కదా అని. కొత్తది పక్కనుంచి వచ్చింది. నువ్వు నవ్వించినావు అందర్నీ."

నేను చాలా వెతుక్కున్నాను. ఆ పుట్టినరోజు గుర్తుంది. ఎవరు ఏం తెచ్చారో, ఎవరు చేతులూపుకుంటూ వచ్చారో గుర్తుంది. పులుసులో ఉప్పు ఎక్కువైందని ఎవరన్నారో గుర్తుంది. ఈ మాట మాత్రం లేదు. కానీ మాట నాదే. ఆ తీరు నాదే. మార్కెట్లో అలాగే మాట్లాడతాను.

"నీకు తగలాలనే లడ్డు దాటించినా," అంది ఆమె. "దీని పళ్ళు చూసి భయం గూడా ఉండింది, అది అబద్ధం కాదు. కానీ ముందు నీకు తగలాలనే. తగిలింది పిల్లకు." చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచి, మళ్ళీ పైకి పోయింది. క్షమించమని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. ఆ పూట అడిగి ఉంటే బాగుండేదేమో. 

తర్వాత పైనుంచి ఆ బల్ల దగ్గరి అమ్మాయి పిలిచింది. మేనత్త సంతకం పనికిరాదు, తల్లే పెట్టాలి అంది. మెట్లెక్కాను. లోపలి గది తలుపు సగం తెరిచి ఉంది. కుర్చీలో పడుకున్న నా కూతురు తల తిప్పి నన్నే చూస్తోంది. ఆ అమ్మాయి కాగితం తోసి, గడ్డం కింద ఉన్న మాస్కును ముక్కు మీదికి లాక్కుంది. జలుబేమో. నేను అప్పుడు జలుబనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. నాలుక చివర దాకా వచ్చిన మాటను మింగి, సంతకం చేసి, కిందికి వచ్చి అదే మెట్టు మీద కూర్చున్నాను. దీన్ని మంచితనం అని ఎవరూ అనుకోవద్దు. నా కూతురు చూస్తోంది, అంతే.

పని ముగిశాక ఇద్దరూ దిగివచ్చారు. మొద్దుబారిన పెదవిని కొరుక్కోకుండా చూసుకోవాలని, అంటుకునే తీపి పెట్టొద్దని, రాత్రి పడుకునే ముందు పెద్దవాళ్ళే బ్రష్ చేయించాలని, ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారని మా ఆడబిడ్డ చెప్పింది. ఏదీ చూపించు అని నా కూతుర్ని అడిగాను. అది పెదవులు బిగించుకుంది. మా ఆడబిడ్డ మమ్మల్ని వాళ్ళింటికి తీసుకుపోయింది. పాలు పొంగించిన రోజు తర్వాత ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే. వాళ్ళబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. నన్ను పలకరించాడు, మంచినీళ్ళిచ్చాడు, నా కూతురు ఏదో అంటే నవ్వాడు. నవ్వినప్పుడు పెదవులు విడదీయలేదు. వాడు నా కళ్ళ ముందే పెరిగాడు. వాడు పెదవులు మూసుకుని నవ్వుతాడని ఆ రోజే చూశాను. నా పళ్ళెంలో అన్నం చల్లారిపోయింది.

బళ్ళో పిల్లలు స్టీలుగిన్నె అని ఏడిపించారని నా కూతురు ఫోన్లో వాళ్ళ నాన్నకు చెప్పడం విన్నాను. నాకు చెప్పలేదు. పరిగెత్తుకుపోయి ఆ పిల్లల తల్లులను నిలదీయాలనిపించింది. అందుకే నాకు చెప్పలేదని అర్థమై ఆగిపోయాను. ఇంకోరోజు రేవులో, పాట మొదలయ్యే ముందు, ఒక చిన్నామె బిడ్డ బుగ్గలో కలకండ పెడుతుంటే, వద్దమ్మే, పళ్ళు పోతాయి అన్నాను. "నీ బిడ్డకు పెట్టినప్పుడు తెలియలేదా అక్కా?" అంది. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. వేరే రోజుల్లో అయితే ఆమెను ఏడాదిపాటు పలకరించేదాన్ని కాదు. ఆ పూట ఆమె పాట పాడినంతసేపూ ఆ బిడ్డను నేనే ఎత్తుకున్నాను. నాకు కావలసిన కుప్ప వేరేవాళ్ళకు పోయింది. 

ప్రతి రాత్రీ పళ్ళు తోమించడానికి కూతుర్ని గడప మీద కూర్చోబెట్టుకునేదాన్ని. మొదట్లో కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచేది. స్టీలు పన్ను అలా చూశాను మొదటిసారి, నురగ మధ్యలో. తర్వాత తర్వాత కళ్ళు మూసుకోవడం మానేసింది.

ఆరు నెలలకు మళ్ళీ పోవాల్సి వచ్చినప్పుడు, అత్తకు ఫోన్ చేయనా అని అడిగాను. అది ఆలోచించింది. నువ్వు రా, కానీ మాట్లాడొద్దు అంది. ఎవరితోనూనా అంటే ఎవరితోనూ అంది.

వెళ్ళాం. హాల్లో ఒక మూల కూర్చున్నాను. బల్ల దగ్గర అదే అమ్మాయి. కిటికీ ఆ రోజు ముందే తెరిచి ఉంది. పిలిచినప్పుడు నా కూతురు నన్ను లోపలికి రానిచ్చింది. గోడ పక్కన నిలబడ్డాను. డాక్టరమ్మ తొడుగును చిన్న పుల్లతో తట్టి చూసింది, చిగురు నొక్కి చూసింది, ఎక్స్‌రే తీసింది. వేళ్ళ దగ్గర చీము జాడ లేదు, కింద మొగ్గ ఉన్నచోటే ఉంది, ఈ పన్ను దాని వయసు వచ్చేదాకా ఉంటుందిలే అంది. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. ఆ రోజు అరిచినదాని గురించి ఏదైనా చెప్పాలని ఇంటి దగ్గర ఒక మాట సిద్ధం చేసుకున్నాను. కానీ మాట్లాడకూడదన్నది ఒప్పందం. సిగ్గుతో నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

"రాత్రిపూట పాపకు బ్రష్ ఎవరు చేయిస్తున్నారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

నేను నా కూతురి వైపు చూశాను. అది లైటు కింద నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. నోట్లో అద్దం ఉండటంతో మాట్లాడే వీలు లేదు. నన్ను కాసేపు చూసి, కళ్ళు ఒకసారి మూసి తెరిచింది.

"నేనేనమ్మా," అన్నాను.